ఒళ్ళు విదిలించని పొట్టేలు

మా వియ్యంకుడి ఇంటికి నేను దేవుడి గురించి తెలుసుకోవడానికి పోలేదు. పోట్లాడటానికి పోయాను. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే ఈ వయసులో నాకేదో భక్తి ముదిరి గుత్తి దాకా బస్సెక్కానని అనుకుంటారు. మాది ముదిగుబ్బ పక్కన పల్లె. అక్కడి నుంచి అనంతపురం, అనంతపురంలో ఇంకో బస్సు మారితే గుత్తి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు లేదు కాబట్టి సరిపోయింది గానీ, ఆ ఎండకూ, ఆ కుదుపులకూ, నా మోకాళ్ళకూ ఎవరు జవాబు చెబుతారు? దారి పొడవునా మాటలు నూరుకుంటూనే ఉన్నాను.

సంగతంతా ఒక పొట్టేలు గురించి.

మాది గొర్రెల మీద బతికే ఇల్లు. మా ఆయన ఎండాకాలం వస్తే మందను తోలుకుని కాలువ నీళ్ళున్న చోటికి పోతాడు, ఊరి జాతర నాటికి తిరిగొస్తాడు. నేను పదో తరగతి దాకా చదివి, పెళ్ళయ్యాక ఆ చదువంతా గొర్రెపిల్లలకు మందులు తాగించడానికి వాడుకున్నదాన్ని. ఒక్కడే కొడుకు. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే చోట మిషను మీద కూర్చుంటాడు. పక్క మిషను మీద కూర్చున్న పిల్లనే చేసుకున్నాడు. ఆ పిల్ల క్రైస్తవుల ఇంటిది. తల్లి లేదు. తండ్రి గుత్తి జంక్షన్ దగ్గర రైలు పట్టాల పని చేసి రిటైరైన మనిషి, వాళ్ళ చర్చిలో సంఘ పెద్ద. పెళ్ళి మాట వినగానే నేను అన్నం మానేశాను. తర్వాత తిన్నాను. ఎంతకాలమని మానేస్తాం?

కోడలి గురించి చెడ్డగా చెప్పడానికి నాకేమీ దొరకదు, అదే నా బాధ. చెడ్డదైతే ఎంత హాయిగా తిట్టుకునేదాన్ని! కడుపుతో ఉన్నప్పటి నుంచి నా దగ్గరే ఉంది. కొడుకు వారానికొకసారి వచ్చిపోతాడు. నేను చెప్పకముందే దొడ్డి ఊడ్చేది, గొర్రెల చెవుల్లో పిడుదులు ఏరేది. అన్నం ముందు కూర్చుని చున్నీ తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకునేది.

"మే, కూడు సల్లారిపోతాంది. బిరీన కానీమని మీ దేవునికి చెప్పు" అనేదాన్ని.

"అయిపోయిందత్తా, నీకు కోపం తగ్గించమని అడిగితే ఆయనకే టైము పట్టినట్టుండాది" అనేది నవ్వుతూ.

బొట్టు మాత్రం పెట్టుకోదు. ఒకసారి నిద్రపోతుంటే నేనే పెట్టాను. లేచింది, అద్దంలో చూసుకుంది, తుడుచుకుంది, ఏమీ అనకుండా నాకు టీ కాచి తెచ్చింది. తిట్టినా బాగుండేది.

నెలలు నిండే వేళకు పిల్ల కాళ్ళు వాచాయి. ఒక ఉదయం కళ్ళు తేలేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. అంబులెన్సులో అనంతపురం తీసుకుపోయాం. డాక్టరమ్మ బయటికి వచ్చి, తల్లి సంగతి గానీ బిడ్డ సంగతి గానీ ఇప్పుడే ఏమీ చెప్పలేమంది. నేను ఆ వరండాలో జుట్టు విరబోసుకుని కూర్చున్నాను. కొంగుకు ముడి వేశాను. మా ఊరమ్మకు మొక్కాను. "తల్లీ, ఇద్దర్నీ ఇచ్చెయ్యి. మందలోని మంచి పొట్టేలు నీది. వచ్చే జాతరకు తల్లీ బిడ్డా నీ ముందరికి వచ్చి దాని మీద నీళ్ళు పోస్తారు" అన్నాను. నా పక్కనే మా వియ్యంకుడు, భుజాన తువ్వాలతో, సిమెంటు నేల మీద మోకాళ్ళేసి, నుదురు గోడకానించి ఏడుస్తున్నాడు. నేను "తల్లీ" అంటున్నాను, ఆయన "ప్రభువా" అంటున్నాడు. ఎదురు బెంచీ మీదున్నవాళ్ళు వీళ్ళల్లో ఎవరి మాట పైకి పోతుందో అని చూసుంటారు.

నర్సు వచ్చి ఆడబిడ్డ, ఇద్దరూ క్షేమం అంది.

"మా అమ్మ విన్నాదన్నా!" అన్నాను ఆయన చేతులు పట్టుకుని.

"ప్రభువు విన్నాడు చెల్లెమ్మా!" అన్నాడు ఆయన.

ఇద్దరం ఒకేసారి అన్నాం. ఆ రోజు దాని గురించి ఎవరూ పోట్లాడలేదు. బిడ్డను చూడటానికే ఎగబడ్డాం.

ఊరికి వచ్చాక మందలో మంచి పొట్టేలును చూసి మెడకు పసుపు గుడ్డ కట్టాను. కట్టాక ఇక దాన్ని అమ్మడానికి లేదు. మేతకు శనక్కట్టె, తవుడు పెట్టి బిడ్డతో సమానంగా సాకాను. దాన్ని కోసే పద్ధతి ఒకటుంది మాకు, అది చెప్పకపోతే ఈ గొడవ మీకర్థం కాదు. పొట్టేలును కడిగి, పసుపు పూసి, వేపమండలు కట్టి అమ్మ ముందు నిలబెడతాం. ఎవరి కోసం మొక్కామో వాళ్ళు చెంబుతో దాని వీపు మీద పసుపు నీళ్ళు పోయాలి. అప్పుడు అది చెవుల నుంచి తోక దాకా ఒళ్ళంతా ఒక్కసారి విదిలించాలి. విదిలించిందంటే అమ్మ ఒప్పుకున్నట్టు, ఆ జీవమూ ఒప్పుకున్నట్టు. విదిలించేదాకా కత్తిని ఎవరూ ముట్టరు. మళ్ళీ పోస్తారు, కాచుకుంటారు, ఇంట్లో ఎవరికి మనసు బాగాలేదో అడుగుతారు. ఒప్పుకోని జీవాన్ని కోయకూడదని మా పెద్దల మాట.

జాతర దగ్గర పడింది. బిడ్డను ఎత్తుకుని వచ్చి నీళ్ళు పోయాలమ్మా అని కోడలికి చెప్పాను. ఏదో పాలు తెమ్మన్నట్టు మామూలుగానే చెప్పాను.

"అత్తా, నువ్వేం చెప్పినా చేస్తా. అది మాత్రం అడగొద్దు" అంది.

"ఏమి? నీళ్ళే కదా మే. నిన్ను కోయమన్నానా?"

"మాకు బలి అయిపోయిందత్తా. మళ్ళా ఇంకొకటి పెట్టకూడదు."

"అయిపోయిందా? ఎప్పుడు? నాకు తెలియకుండా ఎవరు కోసినారు?" అని అరిచాను. నాకు నిజంగానే తల తిరిగింది. ఆ పిల్ల ఏదో చెప్పబోయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కొడుక్కు ఫోను చేస్తే, "పొయ్యమంటే అది ఇనదు, ఇడిసిపెట్టమంటే నువ్వు ఇనవు, నేను మిషను మీదున్నానమ్మా" అన్నాడు. మద్దెలకు రెండు వైపులా వాయింపులే, పాపం. మా ఆయనకు చేస్తే, "జీవాలకు నీళ్ళు చూడల్ల, ఉంటా" అని పెట్టేశాడు. మా ఇంట్లో మగవాళ్ళకు తల్లో ఏముందో ఆ దేవుళ్ళకే తెలియాలి.

అప్పుడే ఒక మధ్యాహ్నం బిడ్డకు ఒళ్ళు కాలింది. నర్సమ్మ ఇచ్చిన మందుకు సాయంత్రానికే తగ్గిపోయింది. కానీ నా గుండె తగ్గలేదు. కరువు నేలలో పుట్టి పెరిగిన మనిషికి, ఇస్తానన్నది ఇవ్వకపోతే ఏమవుతుందో ఒకరు చెప్పాలా? ఇచ్చినవాళ్ళే వెనక్కి తీసుకుంటారు. ఆ రాత్రంతా బిడ్డ పక్కనే కూర్చున్నాను. తెల్లవారేసరికి నాకొక ఆలోచన వచ్చింది. ఎంత గట్టి కంచెకైనా ఎక్కడో ఒక కంత ఉంటుంది. గొర్రెలు కాసేదాన్ని, నాకు తెలియదా? వీళ్ళ నమ్మకమేమిటో మొదట్నుంచి విని, అందులో కంత ఎక్కడుందో చూసి, నా పొట్టేలును అందులోంచి తోలేస్తాను. అందుకు గుత్తి పోయాను.

మా వియ్యంకుడు కొండ కోట కనపడే సందులో చిన్న ఇంట్లో ఒక్కడే ఉంటాడు. నేను పోయేసరికి గిన్నెలు తోముకుంటున్నాడు. నన్ను చూసి మసి చేతులతోనే లేచాడు.

"చెల్లెమ్మా, చెప్పకుండా వచ్చినావే! బిడ్డ బాగుండాదా?"

"బాగుండాలనే వచ్చినానన్నా. మీ నమ్మకం ఏందో మొదట్నుంచి చెప్పు నాకు. ఒక్కటి కూడా ఇడిసిపెట్టొద్దు."

ఆయన ముఖం చూడాలి! నేను వాళ్ళలో కలవడానికి వచ్చాననుకున్నాడు. గబగబా చేతులు కడుక్కుని, నాకు టీ పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని, నల్లట్ట పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాడు. నాకు జాలేసింది, కానీ ఎందుకొచ్చానో చెప్పలేదు.

"చదవద్దన్నా, నోటితో చెప్పు" అన్నాను. పుస్తకం పక్కన పెట్టాడు.

"దేవుడు ఒక్కడే చెల్లెమ్మా. భూమి, ఆకాశం, మనం, నీ గొర్రెలు, అన్నీ ఆయనే చేసినాడు."

"సరే. మేమూ అదే అంటాం."

"ఆ ఒక్క దేవుడు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ."

"ముగ్గురు."

"ఒక్కడే."

"ఇప్పుడే కదన్నా ముగ్గుర్ని చెప్పినావు?"

"ముగ్గురే. కానీ ఒక్కడే."

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు" అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. "నాకు కూడా పూర్తిగా తెలీదు చెల్లెమ్మా. సూర్యుడు, వెలుగు, వేడి అని చెప్తాడు మా పాస్టరయ్య. మూడూ ఉండాయి, సూర్యుడు ఒక్కడే అని" అన్నాడు.

"ఎండ గురించి మాకు చెప్పొద్దులే, ముందుకు పో."

మొదటి మనిషీ, మొదటి ఆడదీ దేవుడు వద్దన్న పండు తిన్నారనీ, అందుకు వాళ్ళను తోటలోంచి వెళ్ళగొట్టాడనీ చెప్పాడు. ఒక్క పండుకే తోటలోంచి పంపించేశాడా అని నేను లేచాను. పండు కాదమ్మా, మాట వినకపోవడం అన్నాడాయన. మా ఇంట్లో ఎవరూ నా మాట వినరు, అందర్నీ బయటికి తోసేశానా అన్నాను. ఆయన కాసేపు తల గోక్కున్నాడు. పాపమంటే దొంగతనం, హత్యే కాదనీ, మంద వదిలి దారితప్పిన గొర్రెలా మనిషి దేవుడికి దూరమైపోవడమనీ, దూరమైనవాడు తనంతట తాను తిరిగి రాలేడనీ చెప్పాడు. అక్కడ గొర్రె మాట వచ్చింది కాబట్టి నాకు కాస్త పట్టు దొరికింది. వాళ్ళ ప్రభువు చెప్పిన కథ ఒకటి చెప్పాడు. కాపరికి వంద గొర్రెలుంటే, ఒకటి తప్పిపోయిందని మిగతా తొంభైతొమ్మిదిని విడిచి దాన్ని వెతకపోయాడట.

"యాడ ఇడిసిపెట్టి పోయినాడు?" అన్నాను.

"అడవిలో."

"అడవిలోనా! తోడేళ్ళు పడితే? వాడు కాపరేనా? మా ఆయన అట్ల చేసినాడంటే ఇంట్లోకి రానిస్తానా?"

"పక్కనోనికి అప్పజెప్పి పోయింటాడేమో చెల్లెమ్మా" అన్నాడు పాపం, తానే తప్పు చేసినట్టు. "కానీ నువ్వు చెప్పు, నీ గొర్రె తప్పిపోతే పోవా?"

పోతాను. పోయాను కూడా. ముళ్ళకంపల్లో చీర చించుకుని వెతికి, దొరికాక దాన్ని నాలుగు తిట్టి, భుజాన వేసుకుని ఏడుస్తూ వచ్చాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఎదుటివాడికి కర్ర అందించడం నాకు అలవాటు లేదు.

తర్వాత దేవుడి కుమారుడు మనిషిగా పుట్టడం చెప్పాడు. పశువుల పాకలో పుట్టాడట. ఆ మాట దేవదూతలు ముందు వచ్చి చెప్పింది రాజులకు కాదు, పొలాల్లో మంద కాచుకుంటున్న కాపరులకట.

"గొర్రెలోళ్ళకా? ముందు మా వాళ్ళకే చెప్పినారా?"

"మీ వాళ్ళకే."

అబద్ధం చెప్పను, ఒళ్ళు పులకరించింది. ఇంతవరకూ ఏ మంచి మాటా మాకు ముందు చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. వానొస్తుందన్న కబురు కూడా అందరికీ అయ్యాకే వస్తుంది మాకు.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆ కుమారుడు రోగుల్ని బాగుచేసి, బీదల్ని దగ్గరికి తీసుకుంటే, పెద్దవాళ్ళు ఓర్వలేక ఆయన్ను కొయ్య సిలువకు మేకులతో కొట్టారు. మూడో నాడు ఆయన సమాధిలోంచి లేచాడు. మళ్ళీ వస్తాడు. అంతవరకూ కథగా వింటున్నాను. "మనం మోయాల్సిన శిక్షంతా ఆయన మోసినాడు చెల్లెమ్మా. తండ్రి అందుకే పంపినాడు" అన్నాడు. అక్కడ నాకు మండింది.

"ఏం తండ్రన్నా ఆయన! కొడుకును చావుకు పంపే తండ్రి యాడన్నా ఉంటాడా? నువ్వు నీ బిడ్డ కోసం ఆ సిమెంటు నేల మీద మోకాళ్ళు పగలగొట్టుకున్నావే! నువ్వే ఆ తండ్రి కంటే మేలు కదా!"

ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "తండ్రి వేరే, కొడుకు వేరే అయితే నీ కోపం న్యాయమే. ఒక్కడే అనేది అందుకే చెల్లెమ్మా. పంపినోడూ ఆయనే, వచ్చినోడూ ఆయనే, నొప్పి పడినోడూ ఆయనే" అన్నాడు. మళ్ళీ ఆ మూడు కాళ్ళ కుందేలు. నా బుర్ర గిర్రున తిరిగింది. ఆయన ఊరుకోకుండా, "ఆయనే దేవుని గొర్రెపిల్ల, మా అందరి కోసం ఒక్కసారే అయిపోయిన బలి" అన్నాడు.

కోడలన్న మాట ఇదన్నమాట. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన ప్రశ్నకు ఆయన బిత్తరపోయాడు గానీ, మా ఊళ్ళో ఎవరైనా ముందు అదే అడుగుతారు.

"ఆ గొర్రెపిల్ల ఒళ్ళు విదిలించిందా అన్నా?"

మా పద్ధతి చెప్పాను. "మా తాతల కాలంలో మేమూ పోసినోళ్ళమే" అన్నాడు ఆయన నెమ్మదిగా. ఆ తర్వాత గొంతు మార్చి, పట్టుకుపోయే ముందు ఆయన ఒక తోటలో ఒంటరిగా చేసిన ప్రార్థన చెప్పాడు. స్నేహితులంతా నిద్రపోయారట. ఈయన నేల మీద పడి, ఒళ్ళంతా రక్తంలా చెమట కారుతుంటే, ఈ బాధ నాకు తప్పించు అని అడిగాడట.

"వణికినాడా?"

"వణికినాడు చెల్లెమ్మా."

"తర్వాత?"

"నా ఇష్టం కాదు, నీ ఇష్టమే కానీ అన్నాడు."

"ఒప్పుకున్నాడు."

"ఒప్పుకున్నాడు."

టీ గ్లాసు కింద పెట్టాను. "అయితే పద్ధతి ప్రకారమే జరిగింది" అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకే తెలియదు. పోట్లాడటానికి పోయినదాన్ని.

"దాన్ని నమ్మితే చాలమ్మా. ఇంక మనం ఇచ్చేదేమీ లేదు. ఊరికే ఇచ్చినాడు" అన్నాడు.

ఊరికే! ఆ మాటతో తెలివి తెచ్చుకున్నాను. "ఊరికే ఎవరిస్తారన్నా? ఊరికే పెట్టేవాన్ని నమ్మడమంటే గొర్రె కసాయోన్ని నమ్మినట్టే."

"ఆసుపత్రిలో నా బిడ్డ మైల గుడ్డలు నీ చేత్తో ఉతికినావు. దేనికి ఉతికినావు చెల్లెమ్మా?"

"అదేం మాట! అది నా కోడలు."

"అంతే" అన్నాడు ఆయన.

ఇక లాభం లేదని పొట్టేలు సంగతి బయటపెట్టాను. నీ కూతురికి చెప్పి నీళ్ళు పోయించు అన్నాను. నేను వచ్చింది ఇందుకా అని ఆయన ముఖం వాడిపోయింది, ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

"నేను చెప్తే పోస్తాది. నా మాట కాదనదు. అందుకే నేను చెప్పలేను. నువ్వు గట్టిగా అడిగినా పోస్తాది చెల్లెమ్మా. తల్లి లేని పిల్ల, నిన్నే తల్లి అనుకునింది. దాన్ని ఆ చోటికి నెట్టొద్దు."

"బిడ్డకు ఏమన్నా అయితే నువ్వు జవాబు చెప్తావా?"

"ప్రార్థన చేస్తా" అన్నాడు.

ప్రార్థన! విసురుగా లేచి వచ్చేశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, కంత వెతకడానికి పోయి కంచెనంతా తల మీద పెట్టుకుని వచ్చినట్టుంది. ఒక్కడు ముగ్గురెట్లా? చచ్చినవాడు లేచాడంటే ఈ మనిషి చెమ్మగిల్లిన కళ్ళతో ఎట్లా నమ్ముతున్నాడు? ఊరికే అంటే ఏమిటి? ఏదీ తేలలేదు. తేలినదల్లా ఒక్కటే, బిడ్డకు ఏమీ కాకూడదు.

జాతర వచ్చింది. మా ఆయన మందతో తిరిగొచ్చాడు, కొడుకు రాయదుర్గం నుంచి వచ్చాడు. మిట్ట మధ్యాహ్నం, నేల పెనంలా కాలుతోంది, డప్పులు మోగుతున్నాయి. పొట్టేలును అమ్మ ముందు నిలబెట్టి మా ఆయన తాడు పట్టుకున్నాడు. కోడలు బిడ్డను చంకనేసుకుని దూరంగా ట్రాక్టరు నీడలో నిలబడింది. వచ్చింది, అంతవరకే. నేనే చెంబెత్తి నీళ్ళు పోశాను. పొట్టేలు నా వైపు చూసింది. విదిలించలేదు. మళ్ళీ పోశాను. చెవి కూడా ఆడించలేదు. నేను పెట్టే తవుడు కోసం నా కొంగు వాసన చూసింది.

"ఎవరి కోసం మొక్కినారో ఆ యమ్మ రావల్ల" అన్నాడు పూజారి.

జనమంతా ట్రాక్టరు వైపు తిరిగారు. వెనక నుంచి ఎవరో, "బొట్టు లేని ఆడదాన్ని ఇంట్లో పెట్టుకుంటే అమ్మ ఎట్ల ఒప్పుకుంటాది?" అన్నారు.

"ఎవర్రా అది? నా కోడల్ని అంటే నాలుక చీరేస్తా!" అని అరిచాను. అరిచి, అదే గొంతుతో, "మే, రా" అని ఆమెను పిలిచాను. ఆ చోటికి నెట్టొద్దని వియ్యంకుడు చెప్పిన మాట గుర్తుంది. అయినా పిలిచాను. బిడ్డ ఒళ్ళు కాలిన మధ్యాహ్నం అంతకంటే ఎక్కువ గుర్తుంది.

కొడుకు ఏదో అనబోయాడు. ఆ పిల్ల వద్దన్నట్టు చెయ్యి చూపి నడిచి వచ్చింది. బిడ్డను నా చేతుల్లో పెట్టి చెంబు తీసుకుంది.

"నీ కోసం పోస్తానత్తా" అంది, నాకు మాత్రమే వినబడేట్టు. "ప్రభువు నన్ను ఏమనుకుంటాడో నాకు తెలీదు."

చెంబెత్తింది. ఆ ఎండలో, ఆ సెగలో, పిల్ల పాదాల నుంచి తల దాకా ఒళ్ళంతా వణికింది. నీళ్ళు చెంబు అంచు దాటి ఆమె కాళ్ళ మీదే పడ్డాయి. నేను నా జన్మలో ఎన్ని పొట్టేళ్ళు ఒళ్ళు విదిలించగా చూశానో. ప్రతిసారీ ఒప్పుకుంది అని మేమంతా కేకలేసేవాళ్ళం. కానీ ఈ పిల్ల ఒప్పుకోలేదు. ఇది భయం. ఇన్నాళ్ళూ నేను ఒప్పుకోవడమనుకున్నదంతా భయమేనా? ఆ తోటలో ఆయన వణికింది ఏ వణుకు? నాకేమీ తెలియలేదు, తల్లి తోడు, ఏమీ తెలియలేదు. మా పెద్దల మాట ఒక్కటే చెవిలో మోగింది. ఒప్పుకోని జీవాన్ని కోయకూడదు.

బిడ్డను కొడుకు చేతుల్లో పెట్టి, చెంబు లాక్కున్నాను. పూజారి "ఏమ్మా!" అన్నాడు. డప్పులు ఆగిపోయాయి.

"తల్లీ, మొక్కింది నేను. మాట తప్పేదీ నేనే. వీళ్ళ జోలికి పోవద్దు. ఏమున్నా నా మీదికే రా" అని అరిచి, చెంబులో మిగిలిన నీళ్ళన్నీ నా నెత్తిన పోసుకున్నాను.

తర్వాత నేను వణికానో లేదో నాకు గుర్తు లేదు. తల నుంచి కాళ్ళ దాకా ఒక్కసారి విదిలించావు అంటాడు మా ఆయన. కొడుకు చూడలేదంటాడు. కోడలు మాత్రం నన్ను పట్టుకుని ఊరంతా చూస్తుండగా గట్టిగా ఏడ్చింది. పసుపు నీళ్ళు నా రవికె నిండా కారుతుంటే నేను కూడా ఏడ్చాను. పూజారి ఏం చేయాలో తెలియక మా పొట్టేలును పక్కకు తప్పించి వెనకవాళ్ళ దాన్ని పిలిచాడు.

ఇంటికి తోలుకొస్తుంటే మా దొడ్డి ముందరికి వచ్చాక ఆ పొట్టేలు ఆగి, చెవుల నుంచి తోక దాకా నిండుగా ఒళ్ళు విదిలించింది. మా ఆయన నా ముఖం చూశాడు. "నడువు" అన్నాను.

కూతురు చెప్పిందేమో, మరుసటి రోజు మా వియ్యంకుడు ఫోను చేశాడు.

"చెల్లెమ్మా, ఆ పొద్దు నీకు చెప్పల్లని నేను తన్నుకులాడింది ఇదేనమ్మా."

"ఏది?"

"నువ్వు చేసింది."

"నేనేం చేసినా? మొక్కు ఎగ్గొట్టినా" అన్నాను. ఆయన ఏడుస్తూ నవ్వాడు. నాకు కోపమొచ్చి ఫోను పెట్టేశాను. ఈ మనిషి ఏదీ తిన్నగా చెప్పడు.

నేనేమీ మారలేదు. బొట్టు పెద్దదే పెడతాను, మంగళవారం అమ్మ దగ్గరికి పోతాను, పోయి తల వంచుకుని వస్తాను. ముగ్గురు ఒక్కడెట్లా అయ్యాడో ఈనాటికీ నాకు ఎక్కలేదు. వెలిసిన పసుపు గుడ్డతో ఆ పొట్టేలు ఇంకా దొడ్డిలోనే ఉంది, దాన్ని ఏం చేయాలో ఎవరూ చెప్పలేకపోతున్నారు. కోడలు అన్నం ముందు ఇంతకుముందు కంటే ఎక్కువసేపు కళ్ళు మూసుకుంటోంది. ఎందుకే అంతసేపు అంటే, "నీ గురించి కూడా చెప్పల్ల కదత్తా" అంటుంది.

రోజూ పొద్దున్నే లేచి ముందు బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాను. చల్లగానే ఉంటుంది. తర్వాత నా నుదుటి మీద పెట్టుకుని చూసుకుంటాను.